బావ రిపోర్టు

తమ్ముడు రాంబాబు మాత్రలు మానేశాడన్న సంగతి పార్వతీదేవికి మరదలు పద్మకుమారి ఫోనులో చెప్పింది. పొయ్యి మీద కూర మాడు వాసన వస్తున్నా ఆమె కదల్లేదు.

తమ్ముడికి గుండెలో స్టెంటు వేసి ఇంకా ఏడాది నిండలేదు. బతికున్నన్నాళ్లూ కొలెస్ట్రాల్ మాత్ర మానొద్దని డాక్టర్లు మరీ మరీ చెప్పి పంపారు. వెంటనే అతనికి ఫోన్ చేసింది.

"ఏటిరా, మాత్రలు మానీసినావంట?"

"బావిచ్చిన పొడి తాగుతన్నాను కదక్కా. మళ్లీ మాత్రలెందుకు?"

"పొడి తాగితే తాగు. మాత్ర మాత్రం మానకు."

"బావకి ఏ మాత్రా లేకుండానే కొలెస్ట్రాల్ దిగిపోనాది కదా. అంతా నీ కళ్లముందే జరిగింది. నువ్వే ఇలాగంటే ఎలాగ?"

జవాబు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ముందు గదిలో భర్త నగరేశ్వరరావు ఎవరితోనో హుషారుగా మాట్లాడుతున్న గొంతు వినిపించింది. ఆమె ఆగిపోయింది.

గజపతినగరం బజారులో నగరేశ్వరరావుది తండ్రి నాటి కిరాణా కొట్టు. పెద్ద మార్టులొచ్చాక బేరాలు పడిపోయాయి. పదిమందిలో కూర్చుని కబుర్లు చెప్పే మనిషి రోజంతా వీధివైపు చూస్తూ గడిపేవాడు. ఆ రోజుల్లోనే రక్తపరీక్షలో చెడ్డ కొలెస్ట్రాల్ విపరీతంగా ఉందని తేలింది. ఆయన అన్న యాభై నిండకుండానే గుండెపోటుతో పోయాడు. విజయనగరంలో డాక్టరు అదంతా విని మాత్ర రాశాడు.

నగరేశ్వరరావు చచ్చినా వేసుకోనన్నాడు. అన్నయ్య గుప్పెడు మాత్రలు మింగేవాడు, ఏం దక్కిందన్నాడు. దేవుడి పటం ముందు నిలబడి ఒట్టు కూడా పెట్టుకున్నాడు. పార్వతీదేవి బతిమాలింది, ఏడ్చింది, అన్నం మానేసి పడుకుంది. ఆయన కరగలేదు. చివరికి ఆమె ఆ మాటెత్తడమే మానేసింది.

అప్పుడే ఎవరో ప్రోబయోటిక్ పొడి సంగతి ఆయన చెవిన వేశారు. పెరుగులో ఉండేలాంటి మంచి సూక్ష్మజీవులట. పేగుల్లో చేరి కొవ్వుని ఒంటికి పట్టకుండా చేస్తాయట. డాక్టరుని అడిగితే, కొందరికి కాస్త తగ్గే మాట నిజమే కానీ అది మాత్రకి బదులు కాదన్నాడు. నగరేశ్వరరావుకి అందులో మొదటి సగమే వినిపించింది.

రోజూ పరగడుపున తన చేత్తోనే కలుపుకుని తాగాడు. కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే కొలెస్ట్రాల్ దాదాపు సగానికి దిగింది. ల్యాబులో కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ ఏం వాడారని అడిగారట.

ఆ రిపోర్టు ఆయన్ని మళ్లీ మనిషిని చేసింది. జేబులో పెట్టుకుని పెళ్లిళ్లకీ పేరంటాలకీ తిరిగాడు. కొట్లో ఒక అలమారు ఖాళీ చేసి ఆ పొడి ప్యాకెట్లు పేర్చాడు. గరివిడి నుంచి కూడా జనం వెతుక్కుంటూ రాసాగారు. నడక మారింది. ఇంటికొచ్చి నవ్వుతూ మాట్లాడేవాడు. ఆ నవ్వు చూసి పార్వతీదేవికి ఎన్నేళ్లయిందో.

"నీ వంట కూడా కలిసొచ్చిందే" అన్నాడొకసారి మెచ్చుకోలుగా. ఆమె తలెత్తకుండా వడ్డించింది.

తమ్ముడితో మాట్లాడిన రోజు భోజనాల దగ్గర ఆమె మెల్లగా కదిపింది.

"రాంబాబుకి స్టెంటు ఉన్నాది. మాత్ర మానొద్దని మీరొక్క మాట సెప్పండి. మీరు సెప్తే ఇంటాడు."

నగరేశ్వరరావు చెయ్యి కంచంలోనే ఆగింది.

"అయితే నా రిపోర్టు అబద్ధమంటావా?"

"అబద్ధమని కాదు."

"మరేటి?"

ఆమె చెప్పలేదు. చెబితే ఇక ఆయన తన చేతి ముద్ద ముట్టడని తెలుసు. బజారులో మళ్లీ తలెత్తుకు తిరగడనీ తెలుసు.

ఉండబట్టలేక మర్నాడే కొత్తవలస వెళ్లింది. తమ్ముడి పక్కన కూర్చుని డాక్టరు మాటలన్నీ గుర్తు చేసింది, గడ్డం పట్టుకుని అడిగింది. రాంబాబు ఆమె ఎదుటే బావకి ఫోన్ కలిపాడు. మీ అక్కకి భయం ఎక్కువరా, చిన్నప్పట్నుంచీ అంతే కదా అని అవతలినుంచి నవ్వు. రాంబాబూ నవ్వాడు. అక్కకి టీ ఇప్పించి, రైలెక్కించి పంపాడు. దారి పొడుగునా ఆమె ఫోను చేతిలోనే పట్టుకుంది. తమ్ముడికి మాత్రం చెయ్యలేదు.

నెల తిరక్కుండానే రాంబాబు తన బట్టల కొట్టు షట్టరు ఎత్తుతూ ఎత్తుతూ కూలిపోయాడు. ఆటోలో ఎక్కించేలోపే ప్రాణం పోయింది.

పెద్దకర్మ నాడు, చుట్టాలందరూ ఉండగా, పద్మకుమారి వచ్చి ఆడపడుచు ముందు కూర్చుంది. కళ్లలో నీళ్లు లేవు.

"వదినా, అన్నయ్యగారికి అంత బాగా పనిచేసిన పొడి మా ఆయనకెందుకు పనిచెయ్యలేదు?"

పక్కనున్న నగరేశ్వరరావే అందుకున్నాడు. వాడు సరిగ్గా తాగి ఉండడన్నాడు, నమ్మకంతో తాగితేనే ఒంటికి పడుతుందన్నాడు. ఇద్దరు ముగ్గురు చుట్టాలు తలలూపారు. పద్మకుమారి ఆయనవైపు చూడలేదు. పార్వతీదేవినే చూస్తూ కూర్చుంది.

"ఏమోనమ్మా" అంది పార్వతీదేవి. ఆ సాయంత్రమే భర్తతో కలిసి ఇంటికి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్న నగరేశ్వరరావు స్నానానికి వెళ్లగానే, పార్వతీదేవి వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఏడాదిగా ఆయనకి తెలియకుండా చేస్తున్నట్టే, తమ్ముడు మానేసిన ఆ కొలెస్ట్రాల్ మాత్రనే మెత్తగా నూరి భర్త తాగే రాగి అంబలిలో కలిపింది.