చలికి రెండు టిక్కులు

"ఈ ఏడాది చేపను నేను కొట్టను," అంది రాద్మిల, బంగాళాదుంపల కత్తి బల్లమీద పడేసి.

ఒతకార్ పేపరు దించాడు. "ఏడేళ్ళుగా కొడుతున్నదానివి, ఇప్పుడేమొచ్చింది? ఈసారి అమ్మను తీసుకురావడానికి నేను వెళ్ళక్కర్లేదు, తమ్ముడు తెస్తున్నాడు. ఆ పొద్దున ఇంట్లోనే ఉండి నీ పనితనం కళ్ళారా చూద్దామనుకుంటుంటే!"

ఆ సంగతి రాద్మిలకు నిన్ననే తెలిసింది. క్రిస్మస్ కార్ప్ చేప రెండు రోజులు స్నానాలతొట్టిలో ఈదాలి. పండగ పొద్దున ఇంట్లోవాళ్ళే సుత్తితో నెత్తిన ఒక్కటిచ్చి కొయ్యాలి. చౌరస్తాలో తొట్టెలు పెట్టుకుని అమ్మేవాడి చేత కోయించుకొస్తే అది పండగ చేపే కాదని అత్తగారి తీర్పు. ఆచారం వాళ్ళ వంశానిది, సుత్తి మాత్రం ఈవిడది.

"నువ్వే కొట్టు. అల్మరా నిండా గురిపోటీ కప్పులేగా!"

"అవి ఇనప పలకలు, రాద్కా. వాటికి కళ్ళుండవు."

"అయితే పందెం. క్రిస్మస్‌కు ముందొచ్చే మికులాష్ పండగకి క్లబ్బులో పెట్టే పోటీలో ఓడినవాళ్ళు చేపను కొట్టాలి."

ఒతకార్ పడీపడీ నవ్వాడు. రైఫిల్ పోటీలో భార్య అతన్ని దాటిందెన్నడు గనక! "సరే. సుత్తి తుడిచిపెట్టుకో."

రాద్మిల గురికి వంకలేదు. బాధల్లా రైఫిల్ తన్నుతోనే. ఒక తూటా పేలిందంటే గురి అద్దంలోని ఎర్రచుక్క ఎగిరి ఆకాశానికి పోయేది. అది దిగొచ్చేలోగా ఒతకార్ పక్క పలక కూడా పడగొట్టేవాడు. మర్నాడే ఆమె రైఫిల్ పట్టుకుని, క్లబ్బులో తుపాకులు బాగుచేసే ముసలి లుబోష్ దగ్గరికెళ్ళింది.

"తూటా పేలితే పుట్టే గ్యాసులో కొంత వెనక్కొచ్చి బోల్టును తోస్తుంది. అప్పుడే ఇంకో తూటా ఎక్కుతుంది," అన్నాడు లుబోష్. "నీదాంట్లో కావలసినదానికన్నా ఎక్కువొస్తోంది. ఆ మిగులంతా నీ భుజానికే."

"కుక్కరు కింద మంట ఎక్కువైనట్టన్నమాట."

"అదే! సన్నం చేద్దాం పద."

తిప్పినప్పుడల్లా టిక్కుమంటూ గ్యాసును తగ్గించే స్క్రూ ఒకటి బిగించాడు. బోల్టు తేలికది వేసి, దానికి తగ్గ స్ప్రింగు పెట్టాడు. స్క్రూ పూర్తిగా మూసి, ఒక్కొక్క టిక్కే విప్పుతూ, టిక్కుకో తూటా పేల్పించాడు. మొదట్లో గ్యాసు చాలక బోల్టు పూర్తిగా వెనక్కి పోలేదు. కాసేపటికి, తూటా పేలగానే బోల్టు చివరిదాకా వెనక్కెళ్ళి బుద్ధిగా నిలబడింది. ఎర్రచుక్క కాస్త వణికిందంతే.

"అబ్బ, వెన్నలా ఉంది! ఇక చాలు బాబాయ్!"

"చాలదు. ఇంకో రెండు టిక్కులు విప్పు."

"మళ్ళీ తన్నదూ?"

"కొంచెం తంతుంది, ఓర్చుకో. డిసెంబరు చలికి నూనె చిక్కబడుతుంది, తూటాలో మందుకు బద్ధకమొస్తుంది. సరిగ్గా సరిపోయేంతే పెట్టుకున్నవాడికి సరిగ్గా ఆ రోజే చెయ్యిస్తుంది. చలికని రెండు టిక్కులు మిగుల్చుకోవాలమ్మాయ్, దేనికైనా."

రాద్మిల ఆ రెండు టిక్కులూ విప్పింది. ఆ పూట నుంచి వేళ్ళు కొంకర్లు పోయేదాకా సాధన చేసింది. భుజం కమిలితే క్యాబేజీ ఆకు కట్టుకుంది గానీ మానలేదు.

ఒతకార్ ఒకరోజు చూడటానికొచ్చి పకపకలాడాడు. "రైఫిలా అది, కుట్టుమిషనా? మగాడి భుజానికి ఈ సోకులక్కర్లేదు."

"పోటీనాడు కుడతాలే నీకో చొక్కా," అంది రాద్మిల.

మికులాష్ పోటీనాడు గడ్డి మీద మంచు పేరుకుంది. చివరి వరస వచ్చేసరికి ఇద్దరూ సమానంగా ఉన్నారు. రాద్మిల ఊపిరి బిగబట్టి మొదలుపెట్టింది. రైఫిల్ ఒద్దికగా ఆడింది. పలకలు వరసగా వాలిపోయాయి.

తర్వాత ఒతకార్. మొదటి పలక పడింది. రెండోసారి మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. బోల్టు చేత్తో లాగి పేల్చాడు. మళ్ళీ అంతే. నూతిలో నీళ్ళు తోడుతున్నట్టు ఒక్కొక్క తూటాకీ లాగుతూ, చెమటలు కక్కుతూ ముగించాడు.

రాద్మిల గెలిచింది.

"ఇదేమిటి బాబాయ్? ఆయన రైఫిల్ ఎన్నడూ మొరాయించలేదే!"

లుబోష్ మీసంలో నవ్వుకున్నాడు. "నువ్వొచ్చిన వారానికే ఆయనా వచ్చి స్క్రూ వేయించుకున్నాడు, నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టి మరీ. ఇంకో రెండు టిక్కులు విప్పమంటే వింటేనా? 'మా ఆవిడ దానికంటే మెత్తగా ఉండాలి' అని కూర్చున్నాడు."

క్రిస్మస్ పండగ పొద్దున ఒతకార్ స్నానాలతొట్టి పక్కన సుత్తితో నిలబడ్డాడు. చేప అతని వంక చూసింది. అతను గోడ వంక చూశాడు.

"రాద్కా, నువ్వెళ్ళి పండగ రొట్టె పట్రా. ఇక్కడుంటే తట్టుకోలేవు."

"నేనా? ఏడేళ్ళుగా..."

"వెళ్ళమన్నానా!"

ఆమె తిరిగొచ్చేసరికి తొట్టి కడిగి ఉంది. చేప ముక్కలు పళ్ళెంలో ముచ్చటగా పేర్చి ఉన్నాయి. ఒతకార్ ప్లమ్ పళ్ళ సారా గ్లాసుతో కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు.

"ఒకటే దెబ్బ!" అన్నాడు.

"మా ఆయన బంగారం!" అంది రాద్మిల, ముక్కలు పిండిలో పొర్లిస్తూ.

రాత్రి భోజనాల దగ్గర అత్తగారు కూర్చుంటూనే తన పళ్ళెం ఎత్తి చూసింది. పండగ చేప పొలుసు ఒకటి పళ్ళెం కింద ఉండాలి. అది పర్సులో దాచుకుంటే ఏడాదంతా చెయ్యి ఖాళీ అవదు.

"పొలుసేదిరా, ఓతా?"

ఒతకార్ ముఖం సున్నం కొట్టినట్టయింది. "పొలుసులా... అవి... చెత్తలో పోయినట్టున్నాయమ్మా..."

రాద్మిల పొద్దున రొట్టెతోపాటు తెచ్చిన చిన్న కాగితప్పొట్లాన్ని ఏప్రాన్ జేబులోంచి తీసి, తలా ఒక పొలుసూ పళ్ళెం కింద పెట్టుకుంటూ వచ్చింది. భర్త దగ్గరికొచ్చాక అతని చెవి దగ్గరికి వంగింది.

"చౌరస్తాలో చేపలవాడు అడిగితేనే పొలుసులు విడిగా కట్టిస్తాడు, ఓతా. ఏడేళ్ళుగా నేను అడిగి తెచ్చుకోవడంలా?"