మెట్రో లైట్లు

ఉప్పల్‌లో ఒక ఆస్పత్రి డాబా మీద హెలికాప్టర్ దిగే జాగా ఉంది. దానికి కావలి హన్మయ్య. మంచు పట్టిన రోజుల్లో అతని పని ఒక్కటే. డాబా ఎక్కి, మెట్రో స్టేషన్ లైట్లు కనబడుతున్నాయో లేదో పైలట్‌కు వైర్‌లెస్‌లో చెప్పాలి. కనబడితే దిగుతారు, లేకపోతే వెనక్కి పోతారు.

పోయిన చలికాలం ఒక రాత్రి అతను మెట్లెక్కలేదు. కింద గదిలో టీ జుర్రుతూనే "కనబడుతున్నయ్" అన్నాడు. హెలికాప్టర్ నాచారంలో ఫ్యాక్టరీ పొగగొట్టానికి కొట్టుకుంది. పైలట్ చచ్చిపోయాడు. విచారణలో తప్పంతా పైలట్‌దేనని రాశారు. చచ్చినవాడు ఎదురు చెప్పడు కదా. హన్మయ్య కూడా నోరు విప్పలేదు.

ఈ రాత్రి మాత్రం మెట్లన్నీ ఎక్కాడు. చేయి చాస్తే వేళ్లు కనబడనంత మంచు.

"మామా, నేను హృషికేశ్‌ను." వైర్‌లెస్‌లో కొత్త పైలట్ పలికాడు. "చంటిపిల్లను తెస్తున్న. నిద్రవోయినవా ఏంది? లైట్లు కనబడుతున్నయా?"

హన్మయ్య బటన్ మీద వేలు పెట్టాడు. ఇంకా నొక్కలేదు.

"మస్తు సాఫ్‌గ కనబడుతున్నయ్ సార్. దిగుండ్రి."

వైర్‌లెస్‌లోంచి వచ్చిన ఆ గొంతు హన్మయ్యదే. మాట చివర టీ జుర్రిన చప్పుడు కూడా ఉంది.

"శభాష్ మామా. దిగుతున్న."

"వద్దు సార్! కనబడుతలేవు! వెనక్కి పోండ్రి!" హన్మయ్య బటన్ నొక్కి నొక్కి అరిచాడు. వైర్‌లెస్‌లో ఎవరో టీ తాగుతున్నారు, తొందరేమీ లేకుండా.

నాచారం వైపు నుంచి రెక్కల చప్పుడు దగ్గరవుతోంది. అది అతని తలపైన లేదు. డాబా కంటే కింద ఉంది.