కంటికి ఆనని సరుకు

"ఖాళీ సీసా పంపుతారా అని కంపెనీవాళ్లని ఫోన్లో ఉతికి ఆరేశాను మేడమ్!" అంది కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థిని.

మూడు నెలలు ఎదురుచూస్తే వచ్చిన సీసా అది. ఎలుక ఒంట్లో రోగంతో పోరాడే ప్రొటీన్‌ను ల్యాబ్‌లో తయారుచేసి, ఎండబెట్టి పంపుతారు.

"సీసా ఏదీ?" అంది మేడమ్.

"బుట్టలో పడేశాను."

మేడమ్ లేచి నిలబడింది. "అది ఖాళీ కాదు తల్లీ. సరుకు అడుగున పలచటి పొరలా అంటుకుని ఉంటుంది. కంటికి ఆనదు."

పొరపాటన్నదే ఎరగని మనిషని మేడమ్‌కి పేరు. అమ్మాయి పరుగెత్తి చూస్తే బుట్ట శుభ్రంగా ఉంది.

"కొంప మునిగింది బాబాయ్!" అంది అటెండరుతో.

బాబాయి తాపీగా ఫ్రీజర్ తెరిచి సీసా తీసిచ్చాడు. "మూత తియ్యలేదు కాబట్టి బతికిపోయావు."

"ఇందులో సరుకుందని నీకెలా తెలుసు?"

"ఇరవై ఏళ్ల కిందట ఒకమ్మాయి ఇలాగే పారేసింది. బుట్టలన్నీ నాచేత బోర్లించి, కూర్చుని ఒకటే ఏడుపు. అప్పట్నుంచీ ఏ సీసా కనబడినా ముందు ఫ్రీజర్లో పెట్టేస్తాను."

"పాపం! ఆమెకి దొరికిందా?"

బాబాయి గోడ వైపు చూస్తూ, "లేదు" అన్నాడు.

వెనకే వచ్చి నిలబడ్డ మేడమ్ గొంతు సవరించుకుంది.

"కబుర్లు చాలుగానీ, ముందు కంపెనీకి ఫోన్ చేసి సారీ చెప్పు. వాళ్లేమీ అనుకోరు. అప్పుడు నన్నూ ఏమీ అనలేదు."