పెట్టె మీద బిళ్ళ

బేస్ గిటార్ వాయించే నా బావమరిది తన ట్యూబుల ఆంప్లిఫయర్‌కి స్పీకర్ పెట్టె ఎంచుకోవడానికి మా షెడ్డుకొచ్చాడు. నేను రెండు పెట్టాను. ఒకటి అద్దెకు తెచ్చిన మంచి సరుకు. రెండోది పాత బల్ల చెక్కలు, చెత్తలో దొరికిన స్పీకర్లు బిగించి, పైన ఖరీదైన కంపెనీ బిళ్ళ అంటించిన నా డొక్కు. స్పీకర్ల నిరోధం, అదే ఓమ్స్ లెక్క, మాత్రం ఆంప్లిఫయర్‌కి సరిపోయేలా కలిపాను. వేళాకోళం వేరు, వాడి ఆంప్లిఫయర్ మాడ్చడం వేరు.

వాడు డొక్కుకి తగిలించి తీగ మీటాడు. రేకు డబ్బాలో ఎవరో కాండ్రించి ఉమ్మినట్టు మోగింది.

"ఏం గంభీరం బావా. రేపు కచేరీకి ఇదే," అన్నాడు తల ఊపుతూ.

వీడు బిళ్ళ ఉంటే పేడకుప్పని వాసన చూసి మల్లెపూలనే రకం. గోటితో బిళ్ళ పీకి వాడి ముందు పడేశాను.

"ఇది నేను చేసిన డొక్కురా, గొర్రె."

"తెలుసు. నువ్వు బిగిస్తుంటే కిటికీలోంచి చూశా. పని పోయి ఆర్నెల్లు మంచం దిగని మనిషి షెడ్డులోకెళ్ళాడు, ఎలా ఉన్నా బాగుందనమని అక్క బతిమాలింది."

వాడి పొగడ్తకన్నా ఈ జాలి ఎక్కువ కంపు కొట్టింది.

"మరి నిజంగా ఎలా మోగిందిరా?"

వాడు నేల చూపులు చూశాడు. "దరిద్రంగా బావా. డోకొచ్చింది."

ఆ ఆర్నెల్లలో మా ఇంట్లో ఒకరు నాతో మొహం మీద నిజం మాట్లాడడం అదే మొదలు. స్క్రూడ్రైవర్ అందుకుని పెట్టె వెనక పలక విప్పాను.