కిటికీకి శంఖుపూలు

1974 వానాకాలంలో, తొర్రూరు బట్టల వ్యాపారి లక్ష్మీనర్సయ్య పెద్దకూతురు లీల శంఖుపూల గింజలను బండకు రుద్ది, నానబెట్టి, తన గది కిటికీ కింద నాటింది.

ముఖాన బొల్లి మచ్చలు వచ్చినప్పటి నుంచి తండ్రి ఆమెతో సరిగా మాట్లాడలేదు. అలాంటి మనిషి మొలకలు చూసి, తానే కిటికీ ఊచలకు దారాలు కట్టాడు. రోజూ నీళ్లు మోసుకొచ్చాడు. లీలకు సంతోషంతో ఏడుపొచ్చింది.

తీగ కిటికీ నిండా కమ్ముకుని నీలంగా పూసింది.

“బాపూ, చూసినవా!”

లక్ష్మీనర్సయ్య వీధిలోకి వెళ్లి, అక్కడి నుంచి పరీక్షగా చూసి వచ్చాడు.

“ఏడాదంత గిట్లనే ఉంటదా బిడ్డా?”

“ఉంటది బాపూ. పూస్తనే ఉంటది.”

“గంతే చాలు. రేపు పిల్లగానోళ్లు చెల్లెను చూడ వస్తున్నరు. నీ మొఖం ఎవలకు కనబడది.”

తండ్రి తెచ్చిన నీళ్లను ఆ సాయంత్రం కూడా లీలే తీగకు పోసింది.