కొలతపుల్ల

"సుట్ట మానీమంటే పేణం మానీమన్నట్టే డాకటరుబాబూ" అంది గున్నమ్మ, టార్చిలైటు ఆర్పి నోరు మూయనివ్వగానే.

టెక్కలి డాక్టరు ఆమెతో వాదించలేదు. మొగుడు దాలయ్యను పక్కకు పిలిచాడు. నిప్పును నోట్లోకి తిప్పి అడ్డపొగ పీల్చే ఆడవాళ్లను చాలామందిని చూశానన్నాడు. గున్నమ్మ అంగిలి తెల్లబడిందనీ, ఏడాదిలో మానకపోతే అది పుండవుతుందనీ, ఆ పుండుకు తన దగ్గర మందు లేదనీ చెప్పాడు.

ఆ పుండు సంగతి దాలయ్యకు తెలుసు. అత్త అలాగే పోయింది. ఆఖరి నెల గొంతులో గంజి కూడా దిగలేదు. గున్నమ్మ లేని ఇల్లు ఎలా ఉంటుందో అతని ఊహకే అందలేదు.

భావనపాడు చేరగానే గున్నమ్మ వీధి మధ్య నిలబడి చాటింది.

"డాకటరు మాట ఇని నాను సుట్ట మానీస్తే, నన్ను గున్నమ్మా అని పిలవకండర్రా!"

వీధి వీధంతా విన్నది. గున్నమ్మ ఒక మాట అన్నాక వెనక్కి తీసుకున్న దాఖలా ఆ ఊళ్లో లేదు. చేపల బేరంలో లేదు, మొగుడి దగ్గర అసలే లేదు.

దాలయ్య బతిమాలాడు. కోప్పడ్డాడు. ఒకరోజు పొగాకు కట్ట తీసుకెళ్లి సముద్రంలో పారేశాడు. ఆ పూట ఇంట్లో పొయ్యి రాజలేదు. మర్నాడు తనే వెళ్లి కొత్త కట్ట తెచ్చాడు.

చుట్ట విషయంలో గున్నమ్మది గొప్ప నిష్ఠ. రోజుకు నాలుగే. తెల్లారగానే ఒకటి, ఒడ్డున తెప్పల కోసం చూస్తూ ఒకటి, చేపలమ్మి వచ్చాక ఒకటి, రాత్రి కూడు తిన్నాక ఒకటి. ఇంట్లో ఉంటే, ఎండుచేపల కోసం తెచ్చిన ఉప్పుబస్తా మీద కూర్చుని కాలుస్తుంది. అయిదోది ముట్టదు. ప్రతి చుట్టనూ తల్లి ఇచ్చిపోయిన ఆరంగుళాల వెదురుపుల్ల పక్కన పెట్టి, దానికి సరిగ్గా కోస్తుంది. ఒక కొసన తల్లి పెట్టిన కత్తిగాటున్న ఆ పుల్ల చూరులో ఉంటుంది.

"ఇది మాయమ్మ కొలత" అంటుంది ఎవరడిగినా. "దీనికి తేడా రాకూడదు."

ఆ మాట వందసార్లు విన్న దాలయ్యకు నూటొకటోసారి బుర్ర వెలిగింది.

ఆదివారం నాడు పుల్లను చూరులోంచి తీసి, గాటు లేని కొసను పెరట్లో సన్నికల్లు మీద అరగదీశాడు. నువ్వుగింజంత. అంతకు మించి లేదు. తుఫానులో తెప్ప తిరగబడినప్పుడు కూడా అతని గుండె అంతగా కొట్టుకోలేదు.

మర్నాడు గున్నమ్మ చుట్టను పుల్లకు సరిగ్గా కోసింది. ముట్టించింది. నిప్పు లోపలికి తిప్పి, ఎప్పటిలాగే పొగ పీల్చింది.

వారానికో నువ్వుగింజ. అదృష్టం కూడా దాలయ్య పక్షానే ఉంది. ప్రతి ఆదివారం అతను సన్నికల్లు వైపు చూసే వేళకు గున్నమ్మకు ఉప్పు నిండుకునేది. పక్కింటి జగ్గమ్మను అడగడానికి వెళ్లి, ఓ అరగంట కబుర్లాడి, వీధిలోంచే ఎవరినో కేకలేసుకుంటూ వచ్చేది. ఆ కేకలు వినబడేసరికి పుల్ల చూరులోకి చేరిపోయేది.

మూడు నెలలు గడిచాక ఒక్కసారి మాత్రం ఆమె పుల్లను వేళ్ల మధ్య తిప్పింది.

"ఏటి మావా, ఇది పొట్టిగా అవుపిస్తంది?"

దాలయ్య జవాబు ఎప్పుడో తయారు చేసి పెట్టుకున్నాడు. "ఎండలు కదే. ఎదురు ముడుసుకుపోతాది."

"ఓహో, ముడుసుకుపోతాదేటి?" అని ఆమె చుట్ట కోసుకుంది. ఇంత అమాయకురాలేమిటి అని దాలయ్యకు జాలేసింది.

వానలొచ్చాయి. పుల్ల ముడుచుకుంటూనే ఉంది. ఓ రోజు చుట్ట మరీ పొట్టిదై, నిప్పు లోపల పెట్టుకోగానే నాలుక చురుక్కుమంది.

"థూ! నాలిక కాలిపోనాది" అని చుట్టను తిప్పి, మగవాళ్లలా నిప్పు బయటికి పెట్టుకుంది గున్నమ్మ.

దాలయ్య పెరట్లోకి వెళ్లి, నోట్లో తువ్వాలు కుక్కుకుని, సంతోషం పట్టలేక ఏడ్చాడు.

తొమ్మిది నెలలకు పుల్ల రెండువేళ్ల వెడల్పంత మిగిలింది. సరిగ్గా అప్పుడే ఇక్కడ చేపల వేట పడక, దాలయ్యకు నూకయ్య జట్టుతో ఒరిస్సా వైపు గోపాలపూర్ వెళ్లాల్సి వచ్చింది. రెండు నెలల పని. బయల్దేరే పొద్దున దాలయ్య చూరు కింద మూడుసార్లు తచ్చాడాడు.

"ఏటి ఎతుకుతన్నావు?"

"ఏటీ నేదు. మీయమ్మ పుల్ల జాగర్తే."

"మాయమ్మ పుల్ల సంగతి నాకు నువ్వు సెప్పాలా? ఎల్లెల్లు, నూకయ్య పిలుస్తన్నాడు."

గోపాలపూర్‌లో దాలయ్యకు కూడు సయించలేదు. ఇంటి దగ్గర చూస్తే పుల్లను అరగదీసే చెయ్యి లేదు. ఆ రెండువేళ్ల చుట్ట చాలక, ఏ రోజో విసుగొచ్చి ఆమె కొత్తగా ఆరంగుళాల పుల్ల కోసుకుంటే? డాక్టరు చెప్పిన ఏడాది దగ్గర పడుతోంది. మనసులో మాట నూకయ్యకు చెప్పుకుందామంటే, అది గున్నమ్మ చెవిన పడుతుంది. పడిందంటే పంతానికి పన్నెండంగుళాల చుట్ట మొదలెడుతుంది. దాలయ్య నోరు కట్టుకుని రెండు నెలలూ వల లాగాడు.

ఇంటికి తిరిగొచ్చింది ఒక ఆదివారం. గుమ్మంలోనే గున్నమ్మ ఎదురైంది.

"వొచ్చినావా మావా! సిక్కిపోనావు. కూకో, ఉప్పు నిండుకుంది, జగ్గమ్మ కాడికెల్లొస్తాను."

ఆమె వీధి మలుపు తిరగగానే దాలయ్య మూట పడేసి చూరులో చెయ్యి పెట్టాడు. ఏమీ తగల్లేదు. ఉప్పుబస్తా జరుపుకుని, దాని మీదికెక్కి, తాటాకుల మధ్య వేళ్లు దూర్చి వెతికాడు.

చివరికి దొరికింది, ఒక కొసన అత్త పెట్టిన కత్తిగాటు ఉన్న ఆ పుల్లే. తను రెండువేళ్ల వెడల్పున వదిలి వెళ్లింది ఇప్పుడు గోరంత మిగిలి ఉంది, రెండో కొస అప్పుడే అరగదీసినట్టు తెల్లగా ఉంది.