అన్నయ్య లావు ఫోను

“ఆ ఇటుకని ఇంకా మోస్తున్నావా అన్నయ్యా?” అంటూ ప్రిస్కిల్లా అతని చేతిలో ఫోను లాక్కుంది.

ఇటుకే మరి. బటన్లున్న పాత ఫోను. ఒకసారి చార్జింగ్ పెడితే నాలుగు రోజులదాకా అడగదు. రెండుసార్లు కాలవగట్టు మీద పడినా దానికేం కాలేదు. గట్టుకే గుంట పడి ఉంటుందని ప్రిస్కిల్లా వేళాకోళం. రిటైరైన మాస్టారు, అందులోనూ తన అన్నయ్య ఐజాక్, జేబు సాగిపోయేలా దాన్ని వేసుకు తిరగడం ఆమెకు నామోషీగా ఉండేది. అందుకే అతని పుట్టినరోజుకి రాజమండ్రి నుంచి కొత్తది తెచ్చింది. తమలపాకులా పల్చగా ఉంది.

అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో అద్దమంతా నిమిరాడు.

“బటన్లేవే?”

“అద్దం మీదే వస్తాయి. అలా ముట్టుకుంటే చాలు.”

“నొక్కితే నొక్కినట్టు తెలియాలి కదే. నాకు ఆ లావుదే బాగుంది.”

“నీకన్నీ పాతవే బాగుంటాయి. సైకిలొక్కటే మానేశావు, అదీ మోకాళ్ల నొప్పులని!”

అతను నవ్వేశాడు. ప్రిస్కిల్లా సిమ్ము మార్చి, ఎలా వాడాలో రెండుసార్లు చెప్పి బస్సెక్కింది. ఇటుకని సంచిలో వేసుకుపోయి, ఆ వారమే పాత సామాన్లవాడికి వేసేసింది.

ఆ రోజు నుంచి సాయంత్రం ఆరింటికి ఆమె ఫోను మోగలేదు.

ఆమె భర్త పోయి మూడేళ్లు. ఆ మూడేళ్లలో అన్నయ్య ఫోను ఒక్కరోజు తప్పలేదు. “టీ తాగావా అమ్మాయ్?” అని మొదలుపెట్టి ఊళ్లో కబుర్లన్నీ చెప్పేవాడు. ఆ పది నిమిషాల కోసమే ఆమె రోజంతా నెట్టుకొచ్చేది. ఇప్పుడు తను చేసినా మోగి మోగి ఆగిపోతోంది. ఒకసారి ఎత్తినట్టే ఎత్తి కట్ చేశాడు.

కంగారుపడి ఆ ఊరి పాస్టరుగారికి ఫోన్ చేసింది.

“మాస్టారు బాగానే ఉన్నారండి. ఆదివారం కీర్తనలన్నీ ఆయనే అందుకుంటున్నారు.”

అయితే కోపమన్నమాట. ఒక పాత ఫోను కోసం తోడబుట్టినదాన్ని వదులుకున్నాడన్నమాట. ఆమెకు ఏడుపొచ్చింది. నెలరోజులు తనూ పంతం పట్టి చెయ్యలేదు.

కోతకాల పండుగకి మాత్రం ఉండబట్టలేకపోయింది. పాలకొల్లులో బస్సు దిగి, ఆటోలో అన్నయ్య ఊరు చేరేసరికి చర్చిలో ఆరాధన మొదలైపోయింది. తెచ్చిన గుమ్మడికాయ పట్టుకుని కానుకల వరసలో నిలబడింది. ముందు బెంచీ దగ్గర అన్నయ్య తెల్లచొక్కాలో, కీర్తనల పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కనుంచి వెళుతుంటే ఆమె కొంగు అతని మోచేతికి తగిలింది. అయినా తల తిప్పలేదు. ఆమెకు ప్రాణం చివుక్కుమంది.

కానుక పెట్టి వచ్చి అతనికి ఎదురుగా ఆగింది. నలుగురూ చూసినా సరే, ఇక్కడే అడిగేద్దామనుకుంది. ఐజాక్ గొంతెత్తి పాడుతున్నాడు. ఒక్క చరణం దగ్గరా తడబడలేదు. అతని చూపు పేజీ మీద నుంచి లేవలేదు.

ముప్ఫై ఏళ్లు బడిలో చదువు చెప్పిన అన్నయ్య చేతుల్లో ఆ పుస్తకం తలకిందులుగా ఉంది.